ముత్యాలమ్మ మూల కొట్టు

అనగనగా ఒక వాగు. ఆ వాగు అవతల అడవి. ఆ అడవిలో వారానికోసారి సంత జరిగేది. సంతలో ఏడు రాతి కొట్లు ఉండేవి. జంతువులన్నీ తలా ఓ చెయ్యి వేసి కట్టుకున్నవి. ఏ కొట్టు ఎవరిదని లేదు. అన్నిటి అద్దె గింజలు ఒకచోట పోసి, ఎవరి వాటాకు తగ్గట్టు వాళ్లకు దోసిళ్లతో పంచేవాళ్లు. ఆ పెత్తనం ఉడుత సింగన్నది.

ముసలి ఏదుపంది ముత్యాలమ్మ వాటా సరిగ్గా ఒక కొట్టంత. గోళ్లు అరిగిపోయి ఆమె దుంపలు తవ్వుకోలేకపోయేది. వారం వారం వచ్చే ఆ గింజలే తిండి. అయినా సింగన్న పేరెత్తితే ఒళ్లు మంట. మూడేళ్ల కిందట వాడు తన పిల్లల బారసాలకు ఊరందర్నీ పిలిచి, ఆమెను మరిచాడు.

ఒకరోజు ముళ్లు దులుపుకుని వచ్చి, "నా వాటా నా కంటికి కనబడాలి. మూల కొట్టు నాకిచ్చెయ్యండి. మీ దోసిళ్లు నాకొద్దు" అంది.

సింగన్న నచ్చచెప్పాడు. ఒక కొట్టు ఖాళీ పడినా మిగతా ఆరూ మనందరినీ సాకుతాయి, ఒంటి కొట్టుకు ఆ దన్ను ఉండదన్నాడు. చెప్పింది వాడు కాబట్టే ఆమె వినలేదు. చివరికి మూల కొట్టు ఆమెకే విడిచిపెట్టారు.

మొదట కుందేలు అద్దెకు దిగి ఆకుకూరలు పెట్టింది. రాలిన ప్రతి ఆకూ ఏరి దాని ముక్కు ముందు పెట్టేది ముత్యాలమ్మ. రెండో సంతకు కుందేలు లేదు. తర్వాత పునుగుపిల్లి వచ్చి అత్తరు పెట్టింది. వాసన రాకుండా అమ్ముకోమంది ముత్యాలమ్మ. అదీ పోయింది. ఆఖరున ఎలుగుబంటి తేనె తెచ్చింది. పూటకు మూడుసార్లు నేల కడగమనేసరికి, కుండలు నెత్తిన పెట్టుకుని నడిచింది.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. ముత్యాలమ్మ ఖాళీ కొట్టును రోజూ ఊడ్చి, గుమ్మంలో కూర్చునేది. నాలుగు సంతలు గడిచాయి. ఐదో సంతనాడు లేవలేకపోయింది.

సింగన్న గింజలు ఒలిచి తెచ్చి పక్కన పెట్టాడు. ఆమె మొహం తిప్పుకుంది.

"కొట్టు అద్దంలా ఉందత్తా."

"ఉండదూ మరి. తొక్కేవాళ్లు లేరుగా" అంది.

కొట్టును మళ్లీ అందరిలో కలిపేసుకుంటామని, పాత వాటా పాతలాగే ఇస్తామని వాడు చెప్పాడు. ఎలుగు కూడా తిరిగొస్తానందట.

"కానీ సంతవేళ నువ్వు గుమ్మంలో కూర్చోకూడదట."

ముత్యాలమ్మ ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. సింగన్న కదల్లేదు. కాసేపటికి అవి ఒక్కొక్కటే వాలాయి.

"మరి ఊడ్చేదెవరు?"

"నువ్వే. సంతకు ముందు, వాళ్లెవరూ రాకముందు."

ముత్యాలమ్మ మొహం ఇటు తిప్పింది.

"సరే. ఆ గింజలు ఇటు తొయ్యి. పెట్టేవాడివి కాస్త అందేలా పెట్టొద్దూ" అంది.

నీతి: పదిమందితో కలిసి ఉన్న ఆస్తి, ఒక మూల ఖాళీ పడినా కూడు పెడుతుంది. పంతానికి విడదీసుకున్నది కళ్లకు కనబడుతుందే గాని కడుపు నింపదు.