వంగిన రాతిపలక

ఏడుకోనల రాజ్యాన్ని ఒకప్పుడు రణధీరవర్మ అనే రాజు ఏలేవాడు. మనిషి భారీ, గర్వం అంతకన్నా భారీ.

ఒకనాడు ఆస్థాన వడ్రంగి కాళాచారి కొత్త సింహాసనం చేసి తెచ్చాడు. రాజు దాని మీద కూలబడి మీసం దువ్వాడు.

"నన్ను ఎదురు తోసేది ఈ రాజ్యంలో ఏదీ లేదు!"

కాళాచారి నోరు ఊరుకోలేదు. "ఒకటుంది ప్రభూ. తమరు ఎంత బలంగా కిందికి నొక్కుతున్నారో, ఈ సింహాసనం అంత బలంగానూ తమర్ని పైకి తోస్తోంది."

ఆస్థాన పండితుడు అనంతావధాని పకపకా నవ్వాడు. "కర్రకు చేతులున్నాయటయ్యా తోయడానికి? జడపదార్థం! ఊరికే అడ్డంగా ఉంటుంది."

రాజు కళ్ళెర్రజేశాడు. "రుజువు చెయ్యి. చెయ్యలేకపోతే రేపు పొద్దెక్కేలోగా రాజ్యం వదిలిపో!"

కాళాచారి తన అరచేతులు చూసుకున్నాడు. నలభై ఏళ్ళుగా ఆ తోపు అతని అరచేతులకు తెలుసు. కంటికి చూపించడమెలా?

రెండు పీటల మధ్య వెదురుబద్ద పెట్టి, దాని మీద గుమ్మడికాయ ఉంచాడు. బద్ద కాస్త వంగి ఆగింది. రెండోది పెడితే ఇంకాస్త వంగి ఆగింది.

"వంగినకొద్దీ గట్టిగా తోస్తుంది ప్రభూ, విల్లులాగా. బరువుకు సరిపడా తోయగానే ఆగుతుంది."

"వెదురు వంగుతుంది. రాయి వంగుతుందా?" అన్నాడు అవధాని.

అది కాళాచారి ఎన్నడూ చూడలేదు. భయం మాట మరిచి ఆలోచనలో పడ్డాడు. గుమ్మం దగ్గర, నీటికాలువ మీద పరిచిన రాతిపలకపై ఎండ పడుతోంది. అంతఃపురం నుంచి అద్దం తెప్పించి, పలక మీదే ఒక అంచున నిలబెట్టాడు. ఎండ అద్దం మీద పడి, దూరంగా ఉన్న గోడ మీద వెలుగుచుక్క మెరిసింది.

"ప్రభూ, పలక నడుమ నిలబడండి. అది వెంట్రుకవాసి వంగినా అద్దం వాలుతుంది, అంత దూరాన చుక్క జరుగుతుంది."

రాజు ఎక్కాడు. చుక్క రెండు వేళ్ళ మేర జరిగింది! దిగాడు. చుక్క వెనక్కి వచ్చేసింది.

"రాయి వంగింది!" కాళాచారి గొంతులో రాజుకున్నంత ఆశ్చర్యం.

రాజు మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ దిగాడు. బొద్దు మంత్రిని ఎక్కించాడు, బక్క సేనానిని ఎక్కించాడు.

అవధాని మాత్రం పట్టు వదల్లేదు. "వంగితే వంగింది. తోసిందని నమ్మకమేమిటి?"

"తోయనిది ఎలా ఉంటుందో తమరే చూడండి స్వామీ," అన్నాడు కాళాచారి వినయంగా. "అదుగో, తొట్టిలో నీళ్ళ మీద తామరాకు. తమరి బరువును తోసే బలం దానికి లేదు. కాసేపు దాని మీద కూర్చుంటారా?"

అవధాని ఉత్తరీయం సర్దుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. సభ గొల్లుమంది. అందరికంటే పెద్దగా నవ్వింది రాజే.

తన చేతి బంగారు కంకణం తీసి కాళాచారికి తొడిగాడు. తర్వాత మెల్లగా గోడ దగ్గరకు వెళ్ళి, అరచెయ్యి ఆనించాడు.

"ఇది కూడానా ఆచారీ?"

"నొక్కి చూడండి ప్రభూ."

రాజు నొక్కాడు. కళ్ళు పెద్దవి చేసుకుని, ఇంకాస్త గట్టిగా నొక్కాడు.