పొట్ట లేని ఫొటో

గవర్రాజుకి తన తెలివి మీద గట్టి నమ్మకం. తమ్ముడు చిట్టియ్యకి అన్న తెలివి మీద అంతకంటే నమ్మకం. "మనలాంటి బుర్రలు మన్యమంతా వెతికినా దొరకవురా" అనేవాడు అన్న. "వెతికేవాడికి బుర్రుంటే కదా అన్నియ్యా!" అనేవాడు తమ్ముడు.

ఆ కొండమీది ఊళ్ళోకి ఆరోగ్య కార్డులైతే ఇంటింటికీ వచ్చాయి గానీ డాక్టరు మాత్రం ఒక్కడూ కొండెక్కి రాలేదు. ఓనాడు వాళ్ళమ్మ పోలమ్మ కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయింది. ఆశా వర్కరు రాజులమ్మ వచ్చి పొట్ట నొక్కి చూసింది. "ఇది పట్నం ఆసుపత్రి పని. కార్డు తీసుకుని వెంటనే బస్సెక్కండి" అని చెప్పి, పక్క వీధిలో కాన్పుందని పరిగెత్తింది.

అంతే! "కదలకే అమ్మా, మేం వైద్యం చేయించుకొచ్చేస్తాం" అని అన్నదమ్ములిద్దరూ కార్డు తీసుకుని బస్సెక్కేశారు. గాలాడాలని కార్డుకి కిటికీ పక్క సీటిచ్చారు. చలి తగలకుండా తువ్వాలు కప్పారు.

"పేషెంటేరీ?" అంది ఆసుపత్రిలో నర్సు.

"నొప్పితో ఉన్న మనిషిని కుదపడం దేనికని కార్డునే తెచ్చామండి. దీన్ని మంచమ్మీద పడుకోబెట్టండి."

"ముందు మనిషిని తీసుకురండి నాయనా!" అని నర్సు నెత్తి కొట్టుకుంది.

ఇంకేముంది, మళ్ళీ కొండెక్కారు. మర్నాడు అమ్మని భుజాన వేసుకుని దిగారు. ఆసుపత్రికి చేరేసరికి పోలమ్మకి మూలిగే ఓపిక కూడా లేదు. అమ్మ లేకపోతే ఎలా బతకడమని గవర్రాజు గుండె జారిపోయింది. ధైర్యం కోసం కార్డు తీసి చూసుకున్నాడు. చూసి కొయ్యబారిపోయాడు.

"ఒరే! ఫొటోలో అమ్మ భుజాల దాకానే ఉందిరా! పొట్ట లేదు! పొట్టకి వైద్యం రాదు!"

చిట్టియ్య బావురుమన్నాడు. "పోనీ, నొప్పిని కాస్త పైకి జరిపితేనో అన్నియ్యా?"

"అదీ బుర్రంటే!"

అంతే, డాక్టరమ్మ రాగానే "మా అమ్మకి చెవిపోటండీ" అన్నాడు గవర్రాజు. ఆవిడ చెవిలో లైటు వేసి చూసింది.

"చెవి బానే ఉందే?"

"అయితే పన్నేమోనండీ. నోరు కూడా ఫొటోలో ఉంది."

పోలమ్మకి ఎక్కడలేని ఓపికా వచ్చేసింది. "పొట్టరా సన్నాసుల్లారా, పొట్ట!" అని ఆసుపత్రి అదిరేలా అరిచింది.

వెంటనే ఆపరేషను చేశారు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదంది డాక్టరమ్మ. గవర్రాజు వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత ముక్కు తుడుచుకుని తమ్ముడి చెవిలో, "ఏదో మన మొహం చూసి పొట్టకీ చేశారు. ప్రతిసారీ చేస్తారేంట్రా? మన జాగ్రత్తలో మనముండాలి" అన్నాడు.

కొన్నాళ్ళకి కొత్త కార్డులకి ఫొటోలు తీసేవాడు ఊళ్ళోకొచ్చాడు. చిట్టియ్యకి నడుంనొప్పి, వెళ్ళి వీపు తిప్పి నిలబడ్డాడు. గవర్రాజుకి మోకాలి నొప్పి, పంచె ఎగ్గట్టి కాలు స్టూలు మీద పెట్టాడు.

"మొహం పెట్టవయ్యా!" అన్నాడు ఫొటోవాడు.

"మొహానికేం రోగం? ఇదుగో, దీన్ని తియ్యి" అంటూ గవర్రాజు మోకాలికి పౌడరు రాసి, "కొంచెం నవ్వవే!" అని దాన్ని బతిమాలాడు.