నిద్రపోయేవాడే లేని నగరం

ఒకానొక రాజ్యంలో, పేరు చెబితే ఆ ఊరివాళ్లు నా మీదికి పోట్లాటకొస్తారు కనుక పేరొద్దు, ఉద్దండభూపతి అనే రాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే పొగడ్త అంటే చెవి కోసుకునేవాడు. పొద్దున లేచింది మొదలు తన పాలన గురించి ఎవరో ఒకరు మంచిమాట చెప్పకపోతే ఆయనకు ఫలహారం సహించేది కాదు.

ఆ కొలువులో గణితకంఠీరవ భీమభట్టు అని ఒక పండితుడున్నాడు. బిరుదు రాజుగారే ఇచ్చారని కొందరు, ఆయనే పెట్టుకున్నాడని కొందరు. ఆ గొడవ మనకెందుకుగానీ, నోరు తెరిస్తే లెక్కలు, మూస్తే బొట్టూ విభూతీ, అంతే ఆయన.

అదే కొలువులో గుండన అని ఒక మాటకారి ఉండేవాడు. విసుగు పుట్టినప్పుడు రాజుగారిని నవ్వించడం ఆయన ఉద్యోగం. ఆయన ప్రాణమంతా మాత్రం ఏనుగులశాల వెనక పాకలో తాను నడిపే పిల్లల బడి మీద ఉండేది. మావటివాళ్ల పిల్లలు, చాకళ్ల పిల్లలు, కొండకింది పల్లెల నుంచి గొర్రెలకాపర్ల పిల్లలు అక్కడికొచ్చేవాళ్లు. నిజం చెప్పాలంటే వాళ్లొచ్చేది చదువుకు కాదు, మధ్యాహ్నం ఖజానా తరఫున పోసే జొన్న అంబలికి. అంబలికొచ్చి చదువుకు చిక్కేవాళ్లు.

గుండన చెప్పే చదువు కూడా వింతగానే ఉండేది. ఒకరోజు మామిడిపండ్ల బుట్ట తెచ్చి నడిమధ్యన పెట్టాడు.

"ఎలా ఉన్నాయర్రా?"

"బంగారంలా ఉన్నాయి అయ్యవారూ!"

"చెయ్యి అడుక్కి పెట్టి చూసి చెప్పండి."

అడుగున అన్నీ కుళ్లినవే. పిల్లలు ముక్కులు మూసుకున్నారు.

"పైన పేర్చిన నాలుగు పండ్లు చూసి బుట్టంతా మంచిదన్నారు మీరు. రేపు ఎవరైనా మీకొక లెక్క చెబితే ఇలాగే చెయ్యి అడుక్కి పెట్టండి. ఎవర్నడిగారు, ఎక్కడడిగారు, ఎవర్ని వదిలేశారు అని అడగండి. ఎంత పెద్దవాళ్లు చెప్పినా సరే, మర్యాదగా అడగండి. అడగడం మాత్రం మానకండి," అన్నాడు గుండన.

ఇలా ఉండగా ఒకనాడు పొరుగురాజు దగ్గర్నుంచి దూత వస్తున్నాడని కబురొచ్చింది. ఉద్దండభూపతికి ఒక ముచ్చట పుట్టింది. తన రాజ్యంలో ఆకలన్నదే లేదని దూత ముందు చెప్పుకోవాలి. ఆ మాట లెక్కతో తేల్చమని భీమభట్టును పురమాయించాడు.

భీమభట్టు ఊరికే ఉంటాడా? రాజధానిలోని సత్రం ముందు రెండు కుండలు పెట్టించాడు. కనపడ్డవాళ్లనల్లా "నీకు ఆకలిగా ఉందా?" అని భటులు అడగాలి. లేదన్నవాళ్లు కొత్త కుండలో ఒక చింతగింజ వెయ్యాలి, ఉందన్నవాళ్లు పాత కుండలో. సాయంత్రానికి కొత్త కుండ పొర్లిపోయింది. పాత కుండలో సాలీడు తప్ప ఏమీ లేదు.

రాజు ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. మర్నాడు పొద్దున ఆ ఊపులోనే నిండుకొలువులో ఒక శాసనం కూడా చేసేశాడు. "ఇకమీదట కంఠీరవుల పద్ధతిలో ఎవరు లెక్క తీసినా సరే, తేలింది తేలినట్టు ఆ పూటే అమలు జరగాలి. మళ్లీ నన్నడగనక్కర్లేదు!"

"చిత్తం," అన్నాడు భీమభట్టు. "ఆకలే లేదని తేలింది గనుక ఆ పాకలో పిల్లలకు పోసే అంబలి దండగ ప్రభూ. ఆ జొన్నలు ఏనుగులకు పెడితే దూతగారి ముందు ఊరేగింపులో నిగనిగలాడతాయి."

అంబలి ఆగితే బడి ఆగిపోతుంది. బడి సంగతి అటుంచి, కొండకింది పిల్లలు కొందరికి రోజు మొత్తంలో కడుపులో పడేది అదొక్కటే. గుండన చప్పున లేచి, "ప్రభూ, ఆ పిల్లలు నిజంగా ఆకలితో వస్తారు. నా కళ్లతో చూస్తున్నాను," అన్నాడు.

"ఓయీ, నీ రెండు కళ్లు గొప్పవా, నా కుండెడు గింజలు గొప్పవా?" అన్నాడు భీమభట్టు. కొలువంతా కిసుక్కుమంది.

రాజు కూడా మీసం దువ్వుతూ, "గుండనా, లెక్కను కాదనాలంటే లెక్కతోనే రా. ఉత్తమాటలొద్దు. రేపు సాయంత్రంలోగా తేకపోతే ఎల్లుండి నుంచి నీ గంగాళం బోర్లించుకో," అన్నాడు.

గుండన పాకకు తిరిగొచ్చేసరికి పిల్లలు అంబలి తాగి ముంతలు కడుక్కుంటున్నారు. ఆయన ముఖం చూసి అందరూ చుట్టూ చేరారు. దాచి ఏం లాభమని జరిగిందంతా చెప్పాడు.

గొర్రెలకాపరి కూతురు నాంచారి, చూపుకు చీపురుపుల్లలా ఉండే పిల్ల, తల గోక్కుంటూ అడిగింది. "సత్రం దగ్గర అడిగారా అయ్యవారూ? లోపలికి పోయేవాళ్లనా, తిని బైటికొచ్చేవాళ్లనా?"

గుండన ఉలిక్కిపడ్డాడు. భటులు కుండలు పెట్టింది చేతులు కడుక్కునే తొట్టి పక్కనే! నిన్న తన కళ్లతోనే చూశాడు. కొలువులో ఆ మాట తట్టనే లేదు. "నా తల్లే! నాకు తోచనిది నీకు తోచింది," అని దాని తల నిమిరాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయితే పోయి రాజుగారికి చెప్పేద్దాం," అన్నారు పిల్లలు.

"చెబితే వినే మనిషైతే ఈపాటికి వినేవాడే. కొలువులో నవ్వి పారేస్తారు. తప్పేమిటో ఆయనకు ఒంటికి తగిలేలా చెయ్యాలి. ఎలాగో తోచడం లేదు."

నాంచారి ఫక్కున నవ్వింది. "మా అవ్వ లాంటోడే అయితే! మా అవ్వ కూర్చునే కునుకు తీస్తది. 'అవ్వా, నిద్రపోతున్నావా?' అంటే దిగ్గున లేచి 'లేదే, మేలుకునే ఉన్నా' అంటది. ఏనాడూ ఒప్పుకోదు!"

గుండన కండువా ఎగరేసి, "రెండు కుండలు తీసుకురండర్రా!" అని కేక పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే పిల్లలు రెండు కుండలతో, ఒడినిండా చింతగింజలతో నగరం మీద పడ్డారు. కనపడ్డవాళ్లనల్లా, "అయ్యా, తమరు నిద్రపోతున్నారా?" అని అడగడం, లేదనిపించుకోవడం, గింజ వేయించడం. కోటగుమ్మం దగ్గర కావలివాడు గోడకానుకుని గురక పెడుతున్నాడు. చెవి దగ్గర అడిగేసరికి, "లేదు లేదు! ఎవడన్నాడు?" అని ఈటె సర్దుకుని తానే గుప్పెడు గింజలు వేశాడు. భీమభట్టు సంధ్య వార్చుకుంటూ, "కనపడ్డంలా? ఫో అవతలికి!" అని ఒక గింజ విసిరికొట్టాడు.

రాజుగారు తోటలో ఉయ్యాల ఊగుతున్నారు. నాంచారి దణ్ణం పెట్టి, "ప్రభూ, మీరు నిద్రపోతున్నారా?" అని అడిగింది.

"కళ్లు లేవా పిల్లా? మేలుకునే ఉన్నాగా!" అని రాజు నవ్వి, ముద్దొచ్చి, తన చేత్తోనే గింజ వేశాడు.

ఆ మధ్యాహ్నం రాజుగారు గుత్తివంకాయ కూర, పులిహోర, బొబ్బట్లు, మీద మీగడపెరుగు పట్టించి, కళ్లు మూతలు పడుతుంటే పడకగదికి నడిచారు. గదిలో హంసతూలికా తల్పం లేదు. దిండు లేదు. చాప ముక్క కూడా లేదు. నేల మధ్యన చింతగింజలతో నిండిన కుండ ఒకటి ఉంది.

"ఎవడ్రా అక్కడ!" అన్న అరుపుకి మేడ మీద పావురాలు లేచిపోయాయి.

పరుగున కొలువు కూడింది. సామాన్ల కొట్టు చూసే ఉగ్రాణం అధికారి చేతులు కట్టుకుని, "తల్పం గుండనగారు రాజశాసనం చూపించి ఉగ్రాణంలో వేయించారు ప్రభూ," అన్నాడు.

గుండన తాపీగా ముందుకొచ్చాడు. "ఏలినవారు లెక్కతో రమ్మన్నారు, తెచ్చాను. కంఠీరవుల పద్ధతి పొల్లుపోకుండా పాటించాం. ఈ నగరంలో నిద్రపోయేవాడు ఒక్కడూ లేడని తేలింది. నిద్రే లేనప్పుడు తల్పం దండగ. తేలింది తేలినట్టు ఆ పూటే అమలు చేశాం."

"వెర్రిమొర్రి వాగుడు!" అని గంతేశాడు భీమభట్టు. "అందరూ నిద్రపోతారు! నేనూ పోతాను!"

"తమరు మేలుకునే ఉన్నట్టు గింజ వేశారు స్వామీ. ప్రభువులు కూడా స్వహస్తాలతో వేశారు."

రాజు ముఖం కందగడ్డయింది. "ఓరి గుండనా, బుద్ధుందా నీకు! నిద్రపోయేవాడు జవాబెలా చెబుతాడురా? మేలుకున్నవాళ్లను పట్టుకుని నిద్రపోతున్నావా అనడిగితే లేదనక ఏమంటారు?"

గుండన పక్కకు జరిగి నాంచారిని ముందుకు పిలిచాడు. "నువ్వు చెప్పమ్మా."

పిల్ల రాజుగారి ముఖంలోకి సూటిగా చూసింది. "మరి సత్రంలో అన్నం తిని చెయ్యి కడుక్కునేవాళ్లను పట్టుకుని ఆకలేస్తోందా అంటే, వాళ్లు మాత్రం ఏమంటారు ప్రభూ? మా అమ్మ సత్రానికి రాలేదు. మా పల్లెలో ఎవరూ రాలేదు. అంత దూరం నడవాలంటే ముందు తినాలి గదా."

భీమభట్టు విభూతి సర్దుకోబోయి చెయ్యి దించేశాడు. రాజు ఆ పిల్ల మోచేతుల వంక, పుల్లల్లాంటి కాళ్ల వంక చూశాడు. ఆయన తలదించుకోవడం కొలువు అంతకుముందెన్నడూ చూడలేదు.

కాసేపటికి రాజుగారి పొట్ట కదిలింది, తర్వాత మీసం కదిలింది, ఆపైన నవ్వు కట్టలు తెంచుకుంది. "నా తల్పం! నా చేత్తోనే గింజ వేయించి నా తల్పమే లేపేశారురా!" అంటూ ఉత్తరీయంతో కళ్లు తుడుచుకున్నాడు.

అక్కడికక్కడే మెళ్లో ముత్యాలహారం తీసి గుండనకు ఇవ్వబోయాడు. గుండన చేతులు జోడించాడు. "హారం పిల్లల కడుపు నింపదు ప్రభూ. అంబలి కొండకింది పల్లెలకు కూడా పంపించండి. మా బడిలో తమ కుమారుడు చిన్నదొరగారిని కూడా కూర్చోబెట్టండి. రేపు ఈ సింహాసనం ఎక్కేవాడికి బుట్ట అడుక్కి చెయ్యి పెట్టడం ఇప్పుడే అలవాటవ్వాలి."

"అలాగే! హారమూ ఉంచుకో, అది మర్యాదకి," అన్నాడు రాజు. "కంఠీరవా, రేపట్నుంచి నువ్వు పల్లె పల్లెకూ తిరిగి పొయ్యిల దగ్గర కూర్చుని లెక్క తీసుకురా. ఎలా అడగాలో ఈ పిల్ల దగ్గర నేర్చుకుని వెళ్లు."

భీమభట్టు "చిత్తం," అన్నాడు. ఆయన్ని కూడా మరీ తప్పుపట్టనక్కర్లేదు. ఆ మర్నాడు నిజంగానే పాకకొచ్చి పిల్లల మధ్య పీట వేసుకుని కూర్చున్నాడట.

సభ ముగిసింది. రాజు లేవబోతూ ఆగాడు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది! మెల్లగా నాంచారి వైపు వంగి, "అమ్మాయ్, పోనీ ఇది అడిగి చెప్పు. నేను మంచిరాజునేనని జనం అనుకుంటున్నారా?" అన్నాడు.

నాంచారి తల గోక్కుంది.

"మీ ఎదురుగా అడగమంటారా ప్రభూ, మీరు లేనప్పుడు అడగమంటారా?"

ఉద్దండభూపతి సింహాసనం అంచు పట్టుకుని పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి, "నేను లేనప్పుడే అడగవే తల్లీ," అన్నాడు. "ఏం చెప్పినా వింటాను. ముందు నా మంచం నాకిచ్చెయ్యండి, కాస్త నిద్రపోతాను!"