పాలు కారిన కాడ

అనగనగా ఒక కరువు. ఆ కరువు నడుమ కొండపాడు అనే ఊరు. ఆ ఊళ్ళో నాంచారి అనే ఆమె ఉండేది. అడవిలో మొలిచే కూరాకులన్నీ ఆమెకు తెలుసు. ఏది వండుకోవాలో, ఏది ముట్టకూడదో ఊరంతా ఆమెనే అడిగేది.

మూడేళ్ళుగా వాన లేదు. గాదెలు అడుగంటాయి. నాంచారి తోడికోడలు కోటమ్మకు ఇద్దరు ఆడపిల్లలు. చిన్నది మంచం దిగలేకపోతోంది.

ఒకనాడు తోడికోడళ్ళిద్దరూ బుట్టలు చంకన పెట్టుకుని, మునుపెన్నడూ పోనంత దూరం అడవిలోకి పోయారు. మిట్టమధ్యాహ్నానికి రెండు గుట్టల నడుమ ఒక పల్లం కనబడింది.

చుట్టూ అడవి మాడిపోయి ఉంటే, ఆ పల్లం నిండా పచ్చదనమే! మోకాలెత్తు లేత మొక్కలు. సన్నగా, పొడుగ్గా ఆకులు.

"అక్కా, తుమ్మికూర!" అంటూ కోటమ్మ పరుగున దిగింది.

నాంచారి కూడా దిగింది. దిగగానే చెవులు మూసుకుపోయినట్టయింది. పిట్ట అరవదు. ఈగ ముసరదు. గాలి లేదు, అయినా ఆకులు మెల్లగా ఊగుతున్నాయి. అన్నీ ఒక్కసారే, అన్నీ వాళ్ళ వైపే.

"ఆగు కోటమ్మా. ఇది తుమ్మి అవునో కాదో చూడనీ."

"తుమ్మినే" అంది కాళ్ళ దగ్గర ఒక సన్నని గొంతు.

నాంచారికి ఒళ్ళు జలదరించింది. అయినా వంగి, ఒక కాడను రెండు వేళ్ళ మధ్య తిప్పి చూసింది.

"తుమ్మి కాడ నాలుగు పలకలుగా ఉంటుంది. నీ కాడ గుండ్రంగా ఉందేం?"

"నీళ్ళు తాగి ఉబ్బాను. పలకలు కనబడవు" అంది మొక్క.

నాంచారి ఆకులు చూసింది. "తుమ్మి ఆకులు జంటలుగా, ఎదురెదురుగా పుడతాయి. నీవి ఒకటి ఇటు, ఒకటి అటు, ఒంటి ఒంటిగా ఉన్నాయేం?"

"జంట ఆకులు రాలిపోయాయి."

ఆకు రాలితే కాడ మీద మచ్చ ఉండాలి. నాంచారి వేలితో తడిమింది. కాడ నున్నగా ఉంది.

అప్పటికే కోటమ్మ సగం ఒడి నింపేసింది. "ఆకు అచ్చం తుమ్మిలాగే ఉంది కదక్కా! ఇంట్లో పిల్లలు పోయేట్టుంటే, కాడలు చూస్తూ కూర్చుంటావా?"

"ఇంకొక్కటి చూడాలి. కాడ విరిచి చూస్తాను."

ఆ మాటతో గొంతు మారింది.

"నాంచారీ! ఎండలో నడిచొచ్చావా తల్లీ? ఎంత చిక్కిపోయావే! విరవకమ్మా, నాకు నొప్పి. వండుకుని తిను."

అది ఆమె తల్లి గొంతు. ఆ తల్లి కరువు మొదటి ఏడే పోయింది.

నాంచారి చెయ్యి ఆగిపోయింది. కళ్ళ నిండా నీళ్ళు. చివరికి కళ్ళు మూసుకుని, కాడను పుటుక్కున విరిచింది.

చిక్కని తెల్లని పాలు వేళ్ళ మీదుగా కారాయి. కారిన చోటల్లా చర్మం భగ్గున మండింది.

"తుమ్మికి పాలుండవు" అంది నాంచారి. "ఎరగని మొక్క పాలు కారితే పొయ్యి దగ్గరికే తేవద్దని నాకు నేర్పింది మా అమ్మ. నువ్వు మా అమ్మవి కావు."

ఊగుతున్న ఆకులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

కోటమ్మ ఉలిక్కిపడి ఒడి వదిలేసింది. అడుగు వెనక్కి వేయబోతే కాలికి ఏదో తగిలింది. మొక్కలు పక్కకు ఒత్తి చూస్తే, మొదళ్ళలో చివికిన బుట్ట ఒకటి. పక్కనే గుప్పెడు గాజులు, తెల్లని ఎముకలు.

"కోస్తున్నంతసేపూ నాకు మా చిన్నది పిలిచినట్టు వినబడిందక్కా" అంది కోటమ్మ.

ఇద్దరూ చేతులు పట్టుకుని గట్టెక్కారు. పొద్దు వాలేలోగా రాతి సందుల్లో వెదికి వెదికి, మూడు గుప్పిళ్ళ కూర సంపాదించారు. నాలుగు పలకల కాడ, జంట ఆకులు, నలిపితే ఘాటు వాసన. అది నిజమైన తుమ్మి. ఆ కూర కలిపిన గంజితో పిల్లలిద్దరూ ఆ పూట గట్టెక్కారు. మర్నాడు ఊరి ఆడవాళ్ళందరూ అవే గుర్తులు నేర్చుకుని అడవికి పోయారు. వానలు వచ్చేదాకా ఊరు అలా బతికింది.

పల్లం చుట్టూ ముళ్ళకంప నాటడానికి నాంచారి తానే వెళ్ళింది. ఆఖరి కంప చేతిలోకి తీసుకునేసరికి లోపలినుంచి, "నాంచారీ, వెళ్ళిపోతున్నావా తల్లీ?" అని తల్లి గొంతు మళ్ళీ వినబడింది. ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే కంప నాటి, ఇంటిదారి పట్టింది.

కాబట్టి పిల్లలూ, ఎంతగానో కోరుకున్నది కళ్ళెదుట కనబడినప్పుడే మరింత నిదానంగా చూడాలి. తెలిసిన గుర్తులన్నీ కలిశాకే నమ్మాలి.