జీపు అద్దానికి వేణ్నీళ్లు

హిమాలయాల్లోని ఆ చిన్న ఆశ్రమంలో కోదండానిది జీపు నడిపే సేవ. ధ్యానంలో కూర్చుంటే గురకపెడతాడు కాబట్టి, కళ్లు తెరిచి చేసే పని అప్పగించారని తనే అందరికీ చెప్పుకునేవాడు.

చలికాలంలో జీపు అద్దం మీద మంచు పేరుకుపోయేది. కడుగుదామంటే వైపర్ల దగ్గర చిమ్మే నీళ్లు సీసాలోనే గడ్డకట్టేవి. కోదండం ఊరుకుంటాడా? సీసాకి గోనెసంచి చుట్టాడు. అందులో ఎలుకలు కాపురం పెట్టాయి. నీళ్లు కాచే రాడ్డు ముంచాడు; సీసాయే కరిగి కూర్చుంది. ఆ హడావిడిలో పోయిన వారం ఆశ్రమంలోనే ఉండే సుభద్రమ్మగారి కంటి ఆపరేషన్ తప్పిపోయింది. మళ్లీ రేపు తొమ్మిదింటికి రమ్మన్నారు. అదీ తప్పితే, ఇక ఆ డాక్టరు వచ్చేది వేసవిలోనే.

"ఈసారి రాగి గొట్టం చుట్టాను స్వామీ! ఇంజను వేడి నేరుగా సీసాలోకే!" అంటూ సాయంత్రం గురువుగారికి అరగంట వివరించాడు. ఆయన "ఊఁ" అని లోపలికి వెళ్లిపోయారు.

తెల్లారి చూస్తే అద్దం మీద గురువుగారి కంబళి కప్పి ఉంది. ఆయనకున్నది ఆ ఒక్కటే. విసుగ్గా లాగి పడేశాడు కోదండం. అద్దం తళతళలాడుతోంది. మంచు జాడే లేదు.

"బయల్దేరు నాయనా. ఇవాళ ఏమీ కనిపెట్టకు, నీకు పుణ్యముంటుంది" అన్నారు సుభద్రమ్మగారు, వెనక సీట్లో సర్దుకుంటూ. గురువుగారు ముందు సీట్లో కూర్చున్నారు.

అయినా ఇంజను వేడెక్కేదాకా ఆగాడు. వారం రోజుల కష్టం మరి! మీట నొక్కాడు. నీళ్లు పొగలు కక్కుతూ చిమ్మాయి.

"చూశారా స్వామీ!"

ఆ మాట పూర్తయ్యేలోపే, చలిగాలికి నీళ్లు గడ్డకట్టి అద్దం నిండా తెల్లటి పొర కమ్మింది.

"నా కంటికి పొర వచ్చిందని ఆపరేషన్‌కి పోతుంటే, దీనికీ తెప్పించావా తండ్రీ!" అని సుభద్రమ్మగారు తల పట్టుకున్నారు.

"గొట్టం రెండు చుట్లు తక్కువయ్యిందంతే. పది నిమిషాలు..." అంటూ కోదండం దిగి బోనెట్ ఎత్తబోయాడు.

గురువుగారు కూడా దిగారు. వణుకుతున్న అరచేతిని అద్దానికి ఆనించి నిలబడ్డారు. చేతి కింద మంచు మెల్లగా కరిగింది.

"ఇందాక రోడ్డు కనబడుతూనే ఉంది కదయ్యా, నీళ్లెందుకు కొట్టావు?" అన్నారు.

కోదండం బోనెట్ వదిలేశాడు. ఆయన చేయి తీసి, అక్కడ తన చేయి పెట్టాడు.

దారి కనబడేంత మేర మంచు కరిగాక బయల్దేరారు. ఘాట్ రోడ్డు దిగుతుంటే అతని వేలు రెండుసార్లు మీట దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. తొమ్మిదికి ఇంకా పావుగంట ఉండగా ఆసుపత్రి గేటు కనబడింది.

"ఏం నాయనా, చప్పుడు లేదు? మళ్లీ ఏదైనా కనిపెడుతున్నావా?" అన్నారు సుభద్రమ్మగారు.

"లేదమ్మా, రోడ్డు చూస్తున్నాను."