కోడి చెమటను గాలి తీసుకుపోయిన కథ

ఒకప్పుడు కోడికి కూడా మనలాగే చెమట పట్టేది. ఎండాకాలంలో ఈకల కింద ఒళ్లంతా తడిసేది. కాస్త గాలి తగిలితే హాయిగా చల్లబడేది.

ఆ రోజుల్లో సముద్రం ఒడ్డున, సరుగుడు తోపు పక్కన, పింగళి అనే పెట్ట ఉండేది. దాన్ని సాకే ముసలావిడ నూకాలమ్మ గంపలో ఊక పోసి పదకొండు గుడ్లు పొదగేసింది. పింగళి ఇరవై ఒక్క రోజులు వాటి మీదే కూర్చుంది. ఒక్క పిల్లా లేవలేదు.

నూకాలమ్మ ఒక గుడ్డు పగలగొట్టి ముక్కు మూసుకుంది.

"నీ చెమటకేనే! తడిసి తడిసి అన్నీ మురిగిపోయాయి" అంది.

రెండోసారి పొదిగినప్పుడు ఒక గుడ్డులోంచి కీచుమని వినిపించింది. పొద్దెక్కేసరికి ఆ గొంతు ఆగిపోయింది. ఆ గుడ్డును పొదువుకుని పింగళి మరో రెండు రోజులు కూర్చుంది. లెమ్మన్నా లేవలేదు.

మూడోసారి గుడ్లు పెట్టగానే ఒడ్డుకు పరుగెత్తి గాలిని పిలిచింది.

"తాతా, నా చెమట తీసుకుపో."

గాలి ఆగింది. "పిచ్చి తల్లీ, తీసుకుపోతే మళ్లీ తేలేను. ఉక్కపోసే రోజు నేనూ కదల్లేను. అప్పుడేం చేస్తావు?"

"ఏమో తాతా. నాకు పిల్లలు కావాలి."

"నీ పిల్లలకీ చెమట ఉండదు. వాళ్ల పిల్లలకీ ఉండదు."

"ముందు వాళ్లు పుట్టాలి కదా" అంది పింగళి.

గాలి ఆ చెమటను సముద్రంలోకి మోసుకుపోయింది.

ఈసారి తొమ్మిది పిల్లలు లేచాయి. పింగళి వాటిని వెంటేసుకుని తోపంతా తిరిగింది. వాటికి ఈకలు వచ్చే వేళకి రోహిణి కార్తె వచ్చింది.

ఒకరోజు ఆకు కదల్లేదు. గాలి నిండా నీటి ఆవిరే. నూకాలమ్మ కుండెడు నీళ్లు చల్లింది. నేల తడిసింది గానీ ఉక్క తగ్గలేదు.

"అమ్మా, ఒళ్లు కాలిపోతోంది" అన్నాయి పిల్లలు.

పింగళికి ఏం చేయాలో తెలియలేదు. ఊపిరి ఆడక నోరు తెరిచింది. గబగబా రొప్పింది. లోపల పిసరంత చల్లబడినట్టు అనిపించింది.

"నాలాగా నోరు తెరవండర్రా! రెక్కలు ఒంటికి తగలనివ్వకండి!"

ఏడు పిల్లలు అలాగే చేశాయి. రెండు అప్పటికే కాళ్లు చాపేశాయి. మిగిలినవాటిని గంప నీడలోకి తోసి, చోటు చాలక తను ఎండలోనే నిలబడింది.

సాయంత్రానికి గాలి ఉరుకుతూ వచ్చింది. "వచ్చాను, లే తల్లీ" అంటూ పింగళి ఈకలు కదిపింది. పింగళి లేవలేదు. నోరు తెరిచే ఉంది, ఊపిరి లేదు. చుట్టూ ఏడు పిల్లలు రొప్పుతూ నిలబడి ఉన్నాయి.

అప్పటినుంచే ఏ కోడికీ చెమట పట్టదు. ఉక్కపోసే మధ్యాహ్నం నోరు తెరిచి రొప్పుతుంది. రెక్కలు ఎడంగా పెట్టుకుని, గాలి కోసం ఎదురుచూస్తుంది. కొన్ని రోజులు గాలి రాదు.