ఫొటోలో ఉన్నట్టే

దొప్పలపూడివారి ముగ్గురన్నదమ్ములకీ ఒకటే గర్వం. "ఊరి తెలివంతా మా ఇంట్లోనే పడింది. పాపం, మిగతావాళ్ళకి చాల్లేదు" అనేవారు. ఎవరూ కాదనేవారు కాదు. కాదంటే పొద్దుగూకేదాకా వాదిస్తారు మరి.

పెద్దవాడు తిరపతయ్య, నడిపివాడు నాసరయ్య, చిన్నవాడు ఏడుకొండలు. తల్లి బాలకోటమ్మ. వానొస్తే వాళ్ళ ఇంటికప్పు జల్లెడే. ఆ ఏడు పత్తి రైతులకి సర్కారు ఎకరానికి ఇంతని సాయం ఇస్తుందని తెలిసింది. "ఆ డబ్బుతో రేకులు వేయించండ్రా. మంచం ఎటు జరిపినా చుక్కలు నా నెత్తినే పడుతున్నాయి" అంది తల్లి.

వ్యవసాయ ఆఫీసరు చేలోకొచ్చి ఫొటో తీశాడు. మొక్కలు మోకాలెత్తున్నాయి. సరిగ్గా అప్పుడే తిరపతయ్య ఆవులించాడు. వెనకాల ఎవరిదో మేక ఆకు నములుతోంది. ఆఫీసరు ఫొటో ఉన్న కాగితం చేతికిచ్చి, "కాయ పగిలాక మళ్ళీ వస్తా. మధ్యలో పత్తి పీకి మిరప వేసేరు! ఫొటోకీ పొలానికీ తేడా ఉందంటే పైసా రాదు" అని బండెక్కి వెళ్ళిపోయాడు.

అంతే. అన్నదమ్ములు గట్టుమీద కూర్చుని తెగ ఆలోచించారు.

"అన్నా, ఫొటోలో నువ్వున్నావు. నువ్వు కదలకూడదు" అన్నాడు నాసరయ్య.

"నోరు కూడా మూయకూడదు" అన్నాడు ఏడుకొండలు.

ఇంకేముంది! తిరపతయ్య రోజూ పొద్దున్నే చేలో నిలబడి నోరు తెరిచేవాడు. ఈగలు దూరేవి. "మూయకన్నా! రేకులు, రేకులు!" అని తమ్ముళ్ళు గట్టుమీంచి అరిచేవారు. అబద్ధమంటే నేనొప్పుకోను.

మరి మేకో? దాని యజమాని ఇవ్వనన్నాడు. తల్లి కోళ్ళు అమ్మి సంతలో ఓ మేకని కొన్నారు. కడుపు నిండగానే అది మేత మానేసింది. "మేయవే తల్లీ, ఫొటోలో మేస్తున్నావు" అని నాసరయ్య గడ్డం పట్టుకుని బతిమాలాడు. వినలేదు. అంతే, ఆకలిగొన్న మేకలు మరో నాలుగు తెచ్చి, వంతులేసి మేపారు.

మిగిలిన మొక్కలు ఊరుకుంటాయా? నడుం దాటాయి. పూశాయి, కాశాయి. ఓ పొద్దున ఏడుకొండలు గుండెలు బాదుకుంటూ వచ్చాడు.

"అన్నా, కొంప మునిగింది! పంట పెరుగుతోంది!"

ఇంకేముంది, కొడవళ్ళు తీశారు.

"ఎవరి మోకాలెత్తురా?"

"ఫొటోలో ఉన్నది అన్న మోకాలే కదా!"

ప్రతి మొక్కనీ తిరపతయ్య మోకాలికి ఆనించి మరీ కోశారు. కాయలన్నీ మేకల పాలయ్యాయి.

ఆఫీసరు వచ్చాడు. "పత్తేదయ్యా?"

"ఫొటోలో లేదుగా సారూ! కావాలంటే చూసుకోండి" అన్నాడు నాసరయ్య. తిరపతయ్య నోరు మూయకుండానే "ఆ... ఆ..." అన్నాడు.

ఆఫీసరు నెత్తి పట్టుకున్నాడు. "ఓరి నాయనా! పంట పెరక్కూడదని ఎవరన్నారు? ఇప్పుడేం చూపించి మీకు సాయం ఇప్పించను?"

అప్పుడు తెలిసింది. ముగ్గురూ బోడిచేలో చతికిలబడి బావురుమన్నారు. ఆఫీసరు మనసు కరిగింది. "ఊరుకోండయ్యా. పైవాళ్ళకి రాసి చూస్తాను" అని, ఏడుస్తున్న ముగ్గురినీ చేనుతో సహా మళ్ళీ ఫొటో తీసుకుని వెళ్ళాడు.

సాయంత్రం వాన దంచేసింది. బాలకోటమ్మ నెత్తిన తపేలా బోర్లించుకుని పరిగెత్తుకొచ్చింది. "ఒరే, ఇల్లంతా కారుతోంది! వచ్చి తాటాకులన్నా కప్పండ్రా!"

"రాలేమమ్మా" అన్నాడు తిరపతయ్య వెక్కుతూ. "ఈసారి ఫొటోకి తేడా రానివ్వం. నువ్వెళ్ళి ఓ తట్టెడు ఉల్లిపాయలు తెచ్చిపెట్టు. కన్నీళ్ళు అయిపోవస్తున్నాయి."